పెంపుడు కుక్కే కదా అనకండి

ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాలనాడు పార్కులో నన్ను కుక్క కరిచిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అయితే మీకు చేరింది సగం కథే. సంక్రాంతి ముగ్గుల పోటీలో చుక్కలు పెడుతుంటే వెనకనుంచి ఎవరో అన్నారు: "చిన్న గాటుకే కౌంటీదాకా తీసుకెళ్ళిందట." కౌంటీ అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం. ఆ మాట గాయంకంటే ఎక్కువ నొప్పించింది. మిగిలిన సగం అందుకే రాస్తున్నాను.

కుండీలోని ఉసిరికొమ్మకు పూజ అయింది. విస్తళ్ళు పరిచారు. నేను పులిహోర వడ్డిస్తూ, జారిపడిన గరిటె కోసం వంగాను. బల్లకింద కట్టేసి ఉన్న కుక్క తోకను అదే సమయంలో ఎవరో పిల్లవాడు తొక్కాడు. అది బెదిరి అందిన నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలి మొదట్లో రెండు గాట్లు పడ్డాయి, లోతుగానే.

"పెంపుడుదే కదండీ, ఏమీ కాదు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఒకరు కాగితపు రుమాలు ఇచ్చారు. కూతురి దగ్గరికి భీమవరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం చేతిలో విస్తరి పక్కన పెట్టి లేచారు. "పెంపుడుదైతేనేం తల్లీ, పళ్ళు పళ్ళే కదా" అంటూ నా మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించారు. సబ్బు రాసి, కడిగి, మళ్ళీ రాసి, నేను చాలన్నా వదలకుండా 15 నిమిషాలు కడిగించారు. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒక పిల్లవాడికి కుక్కకాటు మీద కారం, సున్నం అద్ది ఊరుకున్నారట. నెలన్నర తిరిగేసరికి మంచినీళ్ళ గ్లాసు చూసి వణికిపోయాడట. ఇంకేమీ చెప్పలేదు ఆవిడ, నేనూ అడగలేదు.

కారం, సున్నం పెట్టడం తప్పే. కానీ పిచ్చికుక్క అంటే మన ఊళ్ళల్లో ఉన్న భయం తప్పు కాదు. ఆ భయాన్ని అక్కడే వదిలేసి, మొహమాటాన్ని మాత్రం పెట్టెలో సర్దుకుని ఇక్కడికి వచ్చామేమో అనిపిస్తుంది నాకు.

ఆ మొహమాటం నాలోనూ ఉంది. కీళ్ళవాతానికి తొమ్మిదేళ్ళుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, పదిహేను రోజులకోసారి ఇంజక్షన్ వాడుతున్నాను. రెండూ శరీరపు రోగనిరోధక శక్తిని అణచి ఉంచేవే. బొట్టు పెట్టి పేరంటానికి పిలిచే స్నేహితురాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే, రుమాలు ఇచ్చినవారే నన్ను కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు.

ఆసుపత్రిలో డాక్టరు ముందుగా భయపడింది రేబీస్, అంటే పిచ్చికుక్క కాటు జబ్బు, గురించి కాదు. కుక్క నోట్లో మామూలుగా ఉండే కాప్నోసైటోఫాగా అనే సూక్ష్మజీవి ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయదు. ప్లీహం (స్ప్లీన్) తీసేసినవారికి, నాలాంటి మందులు వాడేవారికి మాత్రం రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తేగలదు. అందుకని ఆ సాయంత్రమే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, ధనుర్వాతం టీకా వేశారు. ఆ తర్వాత అడిగారు: "కుక్కకు టీకాలు వేయించిన కాగితం ఉందా?"

కుక్కను పెంచుకునేవారికి ఫోను చేస్తే "వెతుకుతున్నాం" అన్నారు. మూడో రోజున, దాని రేబీస్ టీకా బూస్టరు (మళ్ళీ వేయించాల్సిన మోతాదు) గడువు దాటిపోయిందని తెలిసింది. అప్పుడు సంఘం పెద్దలొకరు ఫోను చేశారు. "మన పిల్లలే కదమ్మా, కౌంటీకి ఎక్కించకు." ఎక్కించింది నేను కాదు. టెక్సాస్‌లో కుక్కకాటును స్థానిక అధికారులకు తెలియజేయాలి, డాక్టరు అదే చేశారు.

తెలిస్తే కుక్కను చంపేస్తారని ఆ ఇంటి పిల్లలు ఏడ్చారట. వీసాల మీద బతికేవారికి ప్రభుత్వ కాగితం అంటేనే గుండె దడ. నాకది అర్థమవుతుంది, పదేళ్ళు నేనూ అలాగే బతికాను. కానీ అధికారులు అడిగింది 10 రోజులు కుక్కను కనిపెట్టి ఉండమని. కరిచిన నాడు దాని చొంగలో వైరస్ ఉండి ఉంటే ఆలోపే జబ్బు బయటపడుతుంది. కుక్కల నుంచి కుక్కలకు పాకే రకం రేబీస్ అమెరికాలో లేదని 2007లోనే ప్రకటించారు. అయినా టెక్సాస్ గబ్బిలాల్లో, స్కంకుల్లో (దుర్వాసన చిమ్మే చిన్న అడవి జంతువులు) రేబీస్ ఇంకా ఉంది. పెరట్లో తిరిగే కుక్కకు టీకా అందుకే.

ఆ 10 రోజులూ నేను రోజూ లెక్కపెట్టుకున్నాను. టీకా వేయించుకోవలసి వస్తే నా మందుల మధ్య అది పనిచేస్తుందా అన్నదే దిగులు. రేబీస్ టీకాలో ఉండేది చంపిన వైరస్ కనుక నాకు హాని చేయదని, స్పందనే బలహీనంగా ఉండవచ్చని డాక్టరు చెప్పారు. అందుకే మామూలువారికి 4 మోతాదులైతే నాలాంటివారికి 0, 3, 7, 14, 28 రోజుల్లో 5 వేస్తారు. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా ఇస్తారు. చివరి మోతాదు తర్వాత వారం, రెండు వారాలకు రక్తపరీక్ష చేసి రక్షణ వచ్చిందో లేదో చూస్తారు. "ఆ మాత్రలు మానెయ్యి" అని ఫోనులో సలహా ఇచ్చినవారికి నా దండం. ఆపాలో వద్దో మందు రాసిన డాక్టరే చెప్పాలి.

పదకొండో రోజు కుక్క క్షేమంగా ఉందని కబురు వచ్చింది. నాకు ఒక్క రేబీస్ ఇంజక్షన్ కూడా అవసరం రాలేదు. ఆ కుక్క కంటికి కనిపించకుండా పోయి ఉంటే, ఆ వరసంతా వేయించుకోవలసి వచ్చేది.

సెలవులకు దేశం వెళ్ళేవారికి కూడా ఒక మాట. అక్కడ వీధికుక్క కరిస్తే 10 రోజులు చూద్దామని ఆగకండి. సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, మీరు వాడే మందుల పేర్లు అడగకముందే చెప్పండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్ల కాలం పోయి రెండు దశాబ్దాలు దాటింది. మూత్రపిండం మార్పిడి అయినవారు, స్టెరాయిడ్లు వాడేవారు మన సంఘంలోనే ఉన్నారు. ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఆ కుటుంబం ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. ఉగాది పచ్చడి పంచేటప్పుడు నేనే వెళ్ళి పలకరిస్తాను. కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వనభోజనాల పిలుపులో, ఎవరు ఏ వంటకం తేవాలో రాసే చోట, ఈ వాక్యం కూడా చేర్చండి: "కుక్కను తెచ్చేవారు దాని టీకా కాగితం వెంట తీసుకురాగలరు."