నాన్నగారిని ఒక్క మాట అడగలేకపోయాం

వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది ఒంట్లో బాగున్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలని ఒక వ్యాసంలో చదివాను. నూటికి నూరుపాళ్లు నిజం.

2021 మే నెలలో నాన్నగారిని అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ తీసుకెళ్లాం. రాత్రి రెండింటికి వార్డు బయట నా చేతిలో వెంటిలేటర్ ఫారం పెట్టి సంతకం చేయమన్నారు. లోపలికి వెళ్లనివ్వరు. మాస్కుతో ఆయన మాట్లాడలేరు. ఫోన్లో అన్నయ్య పెట్టించమంటాడు, అమ్మ ఏడుస్తోంది. కొబ్బరి దింపుల లెక్క నుంచి పొలం పంపకాల దాకా అన్నీ నోట్‌బుక్కులో రాసిపెట్టిన మనిషి. ఈ ఒక్కటీ మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. సంతకం పెట్టాను. నాలుగో రోజు పోయారు. ఆయన కోరుకున్నది అదేనా అని ఇప్పటికీ నిద్ర పట్టదు.

కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని లివింగ్ విల్ అంటారు. దాన్ని సుప్రీంకోర్టు 2018లోనే ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు, మేజిస్ట్రేటు దాకా వెళ్లక్కర్లేదు. నయమయ్యే జబ్బుకు వైద్యం మానేయడం కాదిది. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చాకే అమలవుతుంది.

మొన్న సంక్రాంతికి అమ్మని అడిగాం. ముందు "అపశకునం మాటలేంట్రా" అంది. కాసేపాగి, "ఆక్సిజన్ పెట్టండి, గొట్టాలొద్దు, ఆఖర్న ఇంటికి తెచ్చేయండి" అంది. అన్నయ్య నాన్నగారి నోట్‌బుక్కులోనే రాశాడు.