పి0401 వస్తే ఈజీఆర్ వాల్వు పోయినట్టేనా?

డీజిల్ కార్లున్న వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. "చెక్ ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో పి0401 కోడు వస్తే ఈజీఆర్ వాల్వు పోయినట్టే. కొత్తది వేయించండి. అంత ఖర్చు ఎందుకనుకుంటే ప్లేటు పెట్టి మూయించండి. మైలేజీ, పికప్ పెరుగుతాయి, పొల్యూషన్ టెస్టు కూడా పాసవుతుంది" అని దాని సారాంశం. నాలుగు మాటల్లో ఇన్ని తప్పులు పట్టించడం మామూలు పని కాదు.

"కోడు వస్తే వాల్వు పోయినట్టే."

సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి మళ్లించేది ఈజీఆర్ వాల్వు. ఆ పొగ తగినంత రావడం లేదన్నదే పి0401 చెప్పే సంగతి. ఎందుకు రావడం లేదో అది చెప్పదు. అసలు చాలా డీజిల్ ఇంజిన్లలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, ఆ పొగను నేరుగా కొలవదు. వాల్వు తెరుచుకుంటే లోపలికి పొగ చేరుతుంది కాబట్టి బయటి గాలి ఆ మేరకు తగ్గాలి. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ చూపే లెక్క తగ్గకపోతే పొగ రావడం లేదని ఈసీయూ తీర్మానించుకుంటుంది. అంటే ఎంఏఎఫ్ సెన్సర్ తప్పు లెక్క చెప్పినా, పొగ దారిలో మసి పేరుకున్నా, టర్బో తర్వాతి గొట్టం పగిలి కొలిచిన గాలి కొంత బయటికి పోయినా ఇదే కోడు రావచ్చు. వాల్వును నడిపే సర్క్యూట్‌లో లోపముంటే పి0403, వాల్వు చెప్పినంత మేర కదలకపోతే పి0404, దాని స్థానం చెప్పే సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువగానో ఎక్కువగానో ఉంటే పి0405, పి0406 అని వేరే కోడ్లున్నాయి. సందేశం రాసినవారికి ఇవన్నీ ఒకటే.

నిజంగా తేల్చుకోవాలంటే వేడెక్కిన ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, స్కానర్ నుంచి వాల్వును తెరవమని ఆదేశించాలి. స్థానం మారకపోతే అనుమానం మోటారు మీద, వైరింగు మీద, ఇరుక్కుపోయిన వాల్వు మీద. స్థానం మారినా గాలి లెక్క తగ్గక, ఇంజిన్ చప్పుడులోనూ తేడా లేకపోతే దారి మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ఎంఏఎఫ్ అబద్ధం చెబుతుండవచ్చు. రెండూ సరిగ్గా మారితే వాల్వు ఆ క్షణానికి బాగున్నట్టే. అప్పుడు కోడు పడిన సమయంలో నమోదైన వేగం, లోడు, ఉష్ణోగ్రత చూడాలి. బ్యాటరీ తీగ తీసి లైటు ఆర్పేవాళ్లు చెరిపేసేది ఈ సాక్ష్యాన్నే.

మల్టీమీటర్ పని ఆ తర్వాత. స్థానం చెప్పే సెన్సర్‌కు సాధారణంగా మూడు తీగలు: 5 వోల్టుల సరఫరా, ఎర్తు, సిగ్నల్. కనెక్టర్ ఊడదీసి, కీ ఆన్‌లో ఉంచి, వైరింగు వైపు 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే వాల్వును తిట్టి లాభం లేదు. అదే సరఫరా పంచుకునే మరో సెన్సర్ షార్టయినా ఇలాగే అవుతుంది. వస్తే, కనెక్టర్ తిరిగి పెట్టి, వాల్వు నెమ్మదిగా తెరుచుకుంటున్నప్పుడు సిగ్నల్ ఎక్కడా తెగకుండా మారుతోందా అని గమనించాలి. క్షణంపాటు పడిపోయి లేచే సిగ్నల్ మల్టీమీటర్‌కు చిక్కకపోవచ్చు, సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోపులో దొరికిపోతుంది.

"కొత్తది వేస్తే సరిపోతుంది."

మసి పట్టిన దారి అలాగే ఉంటే కొత్త వాల్వుతోనూ అదే కోడు. పైగా చాలా మోడళ్లలో కొత్త వాల్వు మూసుకునే స్థానాన్ని స్కానర్‌తో ఈసీయూకు నేర్పించాలి. ఆ పని వదిలేసి "కంపెనీ పార్టు కూడా బాగాలేదు" అనడం షెడ్లలో మామూలే.

"ప్లేటుతో మూస్తే మైలేజీ, పికప్ పెరుగుతాయి."

ఇందులో కొంత నిజముంది. తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోయిన వాల్వును మూస్తే నల్లపొగ తగ్గి, బండి చురుకుగా లాగుతుంది. ఆ ఘనత ప్లేటుది కాదు, వాల్వును బాగుచేసినా అదే ఫలితం. అసలు పి0401 అంటేనే పొగ రావడం లేదని ఫిర్యాదు. ఉన్న దారిని పూర్తిగా మూసేస్తే ఆ ఫిర్యాదు తీరుతుందా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. లైటు మళ్లీ వెలుగుతుంది. దాన్ని దాచడానికి ఈసీయూ ప్రోగ్రామ్ మార్పించడం తర్వాతి ఖర్చు.

"పొల్యూషన్ టెస్టు పాసవుతుంది."

అవుతుంది, అందులో వింతేమీ లేదు. డీజిల్ బండికి ఆ పరీక్షలో కొలిచేది పొగ సాంద్రత మాత్రమే. ఈజీఆర్ ఉన్నది దహన ఉష్ణోగ్రత తగ్గించి నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపు చేయడానికి, వాటిని అక్కడ ఎవరూ కొలవరు. డీజిల్ కార్లకు ఆ ఆక్సైడ్ల పరిమితి, కొత్త బండ్ల పొగకు దేశంలో పెట్టిన బీఎస్-4 ప్రమాణంలో కిలోమీటరుకు 0.25 గ్రాములు. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6లో అది 0.08కి దిగింది. వాల్వు మూసిన బండి ఆ హద్దులో నిలవడం కష్టం. గాలి కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటి తప్పుకే 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సుకు 3 నెలల అనర్హత అదనం.