ప్రభువు మనతో ఏకీభవించుచున్నాడు

దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం కష్టమని బెంగపడేవారు మన సంఘాల్లో ఇంకా అక్కడక్కడా మిగిలారు. వాళ్లకు ధైర్యం చెప్పడం నా బాధ్యత. బైబిలు కాలంలో కష్టమే, కాదనను. షిలోహు మందిరంలోనే పడుకునే సమూయేలు కూడా మూడుసార్లు పిలుపు విని, మూడుసార్లూ ముసలి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. హోరేబు కొండ మీద ఏలీయాకు గాలి, భూకంపం, అగ్ని అన్నీ దాటాక గానీ ఆ నిమ్మళమైన స్వరం వినబడలేదు. ఇప్పుడా తిప్పలు లేవు. కీబోర్డూ ఎకో మైకూ ఉన్న చోట నిమ్మళంగా మాట్లాడితే ఎవరికీ వినబడదని ప్రభువుకూ తెలిసినట్టుంది. నేరుగా మన మనసులో ఉన్న మాటనే అందుకుని పలుకుతున్నాడు.

గుర్తుపట్టే పద్ధతి చాలా తేలిక. మనం ముందే తీసుకున్న నిర్ణయాన్ని బలపరిస్తే అది దేవుని స్వరం. అడ్డు చెబితే సాతాను శోధన. అటూ ఇటూ కాకుండా గొణిగితే రాత్రి తిన్న బిర్యానీ.

ఇంకా సందేహం ఉంటే డిసెంబర్ 31 రాత్రి ఆరాధన ఉండనే ఉంది. పన్నెండు దాటగానే పళ్లెంలో బైబిలు వచనాలు అచ్చేసిన వాగ్దానపు కార్డులు వస్తాయి. కళ్లు మూసుకుని ఒకటి తీస్తే ఏడాదంతటికీ సరిపడా నడిపింపు. ‘తన్ను తాను ఉపేక్షించుకొని’ అన్న వాక్యాన్ని వాగ్దానపు కార్డు మీద వేసిన ప్రెస్సు ఇంతవరకూ నా కంట పడలేదు. యిర్మీయా 29:11కి మాత్రం గిరాకీ తగ్గదు. మేలు చేసే ఉద్దేశాలే ఉన్నాయని ప్రభువు అభయమిచ్చే వచనం కదా, ప్రమోషన్‌కీ పనికొస్తుంది, ప్లాటు రిజిస్ట్రేషన్‌కీ పనికొస్తుంది. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరమని, దానికి ముందు వచనంలోనే 70 ఏళ్లు అక్కడే ఉండాలని ఉందని గుర్తుచేసేవాళ్లు ఉంటారు. వాళ్లకు ప్రవచన వరం లేదు. ఆ వరం యిర్మీయా కాలంలోనే హనన్యా అనే ప్రవక్తకు ఉండేది. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించి, బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద మోస్తున్న కాడిని అందరి ముందూ విరిచి చూపించాడు. ఆ ఏడే చచ్చిపోయాడు, అది వేరే సంగతి. ఇవాళ ఉంటే టీవీలో రోజూ అరగంట ఆయనదే.

పెళ్లి సంబంధాల దగ్గర ఆ స్వరం మరీ స్పష్టం. ‘ప్రార్థన చేసి చెబుతామండీ’ అని పెద్దమనిషి అన్నాడంటే ప్రార్థన అయిపోయిందనీ, అబ్బాయి జీతం చాల్లేదనీ అర్థం. అదే అబ్బాయి అమెరికాలో ఉంటే ఉపవాసం అక్కర్లేదు, ఫోన్లోనే నిశ్చయత వచ్చేస్తుంది. క్రైస్తవ సంబంధాల ప్రకటనలు చూడండి. రక్షణ పొందినవారు, బాప్తిస్మం తీసుకున్నవారు అన్న మాటల పక్కనే కులం కూడా ఉంటుంది. క్రీస్తులో భేదం లేదని ఆదివారం చెప్పిన దేవుడే సోమవారం మధ్యవర్తితో ‘మనవాళ్లయితే బాగుంటుంది’ అని బయలుపరుస్తాడు. యొప్పేలో మిద్దె మీద ఆకలితో ఉన్న పేతురుకు ఈ సౌకర్యం దొరకలేదు. యూదులకు నిషిద్ధమైన జంతువులతో నిండిన దుప్పటి ఆకాశం నుంచి దిగి, తినమంటే వద్దన్నాడు. వద్దన్నా ఊరుకోకుండా ప్రభువు మూడుసార్లు చెప్పి, ఆనక అన్యుడైన కొర్నేలీ ఇంటికి పంపాడు. పేతురుది ఎంత వెనకబడిన కాలమో!

ఆ యొప్పే రేవులోనే అంతకు ముందెప్పుడో యోనా ఓడెక్కాడు. నీనెవెకు పొమ్మంటే తర్షీషుకు బయల్దేరాడని మనవాళ్లు ఆయన్ని ఊరికే ఆడిపోసుకుంటారు. న్యాయంగా ఆలోచించండి. రేవుకు వెళ్లేసరికి ఓడ సిద్ధంగా ఉంది, చేతిలో కేవుకు, అంటే ఓడ ఛార్జీకి, డబ్బుంది. ‘దేవుడు ద్వారం తెరిచాడు’ అని సాక్ష్యం చెప్పడానికి ఇంకేం కావాలి? మనవాళ్లు వీసా స్టాంపింగు కాగానే సరిగ్గా ఇదే సాక్ష్యం చెప్పి, కానుక వేసి, విమానం ఎక్కుతారు. సేవకు పిలుపు కూడా డాలస్ వైపు వచ్చినంత గట్టిగా పాడేరు వైపు రాదు. సిగ్నల్ సమస్య కావచ్చు.

ఇంట్లో పనిమనిషికి జీతం పెంచమనీ, తమ్ముడి వాటా పొలం తమ్ముడికి ఇచ్చెయ్యమనీ ప్రభువు తనతో మాట్లాడాడని సాక్ష్యం చెప్పినవాళ్లను నేను వినలేదు. ఆ విషయాలు ఆయన మన విజ్ఞతకు వదిలేసి ఉంటాడు.

అయినా ఏకాభిప్రాయాన్ని మించిన రుజువు ఏముంది? రామోత్గిలాదు మీదికి యుద్ధానికి పోవచ్చా అని అహాబు రాజు అడిగితే సుమారు 400 మంది ప్రవక్తలు ఒకే గొంతుతో పొమ్మన్నారు. మీకాయా ఒక్కడే పోతే చస్తావన్నాడు. ఎప్పుడూ కీడే చెబుతాడని రాజుకు అతనంటే ముందునుంచీ గిట్టదు. గెలుపు ఖాయమని ఇనుప కొమ్ములు చేయించుకుని వచ్చిన సిద్కియా అనే ప్రవక్త అతని చెంప మీద కొట్టాడు, రాజు చెరసాలలో వేయించి రొట్టె ముక్కా నీళ్లే పెట్టమన్నాడు. ఆనక ఎవడో గురి చూడకుండా విడిచిన బాణం తగిలి అహాబు పోయాడు గానీ, 400కి ఒకటి అన్న లెక్కలో తప్పేమీ లేదు.

ఉజ్జీవ సభలకు వక్తను వెతికే కమిటీలు ఈ కథ ఉన్న 1 రాజులు 22వ అధ్యాయం తప్పక చదవాలి. సిద్కియాను పిలిస్తే ఇనుప కొమ్ములు తనే చేయించుకుని వస్తాడు, చివరి రోజు కానుకల సంచీ నిండుతుంది. మీకాయా అంతకంటే చవక, రొట్టె ముక్కా నీళ్లతో సరిపెట్టుకుంటాడు. ఆయన ఫొటో వేసిన ఫ్లెక్సీకి మాత్రం చందా ఎవరిస్తారో ముందే కనుక్కోవాలి.