మూడు క్వయర్ల సాయంకాల ప్రార్థన: కీర్తన దగ్గరే తేలే సత్తా

ఇంగ్లండ్ పడమటి వైపున్న గ్లాస్టర్, హెరఫర్డ్, వూస్టర్ పట్టణాల్లో ఏటా వేసవిలో ఏదో ఒకచోట మూడు కెథడ్రళ్ల, అంటే బిషప్ పీఠమున్న పెద్ద చర్చిల, గాయక బృందాలు (క్వయర్లు) కలుసుకుంటాయి. త్రీ క్వయర్స్ ఫెస్టివల్ అని పిలిచే ఈ ఉత్సవం వంతులవారీగా మూడు పట్టణాల మధ్య తిరుగుతుంది. 1715ను దాని తొలి ఏడుగా లెక్కగట్టి 2015లో హెరఫర్డ్‌లో 300 ఏళ్ల పండుగ చేశారు. రాత్రిళ్లు ఆర్కెస్ట్రాతో, పెద్ద కోరస్‌తో కచేరీలు జరుగుతాయి. అంతకుముందే మూడు బృందాలు కలిసి ఈవెన్‌సాంగ్, అంటే సాయంకాల ప్రార్థన పాడతాయి. ఆ వారంలో ఒక రోజు ప్రార్థనను బీబీసీ రేడియో 3 శ్రోతలకు అందిస్తుంది.

ఈ ప్రసారం విన్నవాళ్లు సాధారణంగా యాంథమ్ గురించే, అంటే ప్రార్థన చివర క్వయర్ పాడే రచన గురించే చెప్పుకుంటారు. ప్యారీయో, స్టాన్‌ఫర్డో, ఎల్గారో రాసిన పెద్ద రచన, దాని చివర ఆర్గన్ హోరు, గొంతులన్నీ ఒక్కసారిగా పైకి లేచే ఘట్టం. అది గొప్పగానే ఉంటుంది. కానీ మూడు బృందాలు నిజంగా ఒక్కటయ్యాయా లేదా అన్నది యాంథమ్‌లో తేలదు. అంతకు చాలా ముందే, కీర్తనలో తేలిపోతుంది. బైబిలు కీర్తనల గ్రంథం నుంచి ఆ పూటకు నిర్ణయమైన భాగాన్ని పాడే ఆ కొద్ది నిమిషాలే ఈ ప్రసారానికి ఆయువుపట్టు అని నా దృఢాభిప్రాయం.

ఈ ప్రార్థనకు రూపం ఇచ్చినవాడు ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్. మఠాల్లో సాయంత్రం, పడుకోబోయే ముందు విడివిడిగా జరిగే రెండు ప్రార్థనలను కలిపి 1549 నాటి ప్రార్థనా గ్రంథంలో ఒక్కటిగా పెట్టాడు. ఈనాటికీ కెథడ్రళ్లలో ఎక్కువగా వాడేది 1662 నాటి పాఠాన్ని. కీర్తనలు, పాత నిబంధన నుంచి ఒక పఠనం, యేసు తల్లి మరియ పాడిన పాట, కొత్త నిబంధన పఠనం, బైబిల్లోని వృద్ధుడు సుమెయోను పాట, విశ్వాస ప్రమాణం, ప్రార్థనలు, యాంథమ్. ఈ వరుస మారదు. మారేవి కీర్తనలూ పఠనాలూ సంగీతమే. చప్పట్లు ఉండవు. కూర్చున్నవాళ్లు చాలాసేపు మౌనంగా ఉంటారు, క్వయర్ వాళ్ల తరఫున పాడుతుంది. కచేరీకీ దీనికీ ఉన్న తేడా అంతా ఆ ‘తరఫున’ అనే దాంట్లోనే ఉంది.

క్రాన్మర్ ఏర్పాటు ప్రకారం 150 కీర్తనలను 30 రోజులకు పంచి, ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని పాడుతూ నెలకొకసారి గ్రంథం మొత్తం పూర్తిచేయాలి. నెలలో పదిహేనో తేదీ సాయంత్రం వంతు 78వ కీర్తనది. 70కి పైగా వచనాల ఆ సుదీర్ఘ చరిత్ర గానం ముందు ఎంత అనుభవం ఉన్న బృందమైనా నడుము బిగించాల్సిందే. పాఠం మైల్స్ కవర్డేల్ 16వ శతాబ్దంలో చేసిన అనువాదం. అది వచనం. ఛందస్సు లేదు, పాదాలు సమానం కావు. దాన్ని పాడటానికి ఆంగ్లికన్ సంఘం, అంటే ఇంగ్లండ్ చర్చి, తయారుచేసుకున్న సాధనం చాలా చిన్నది. నాలుగు గొంతులకు రాసిన పది స్వరాల ఒక వరుస, లేదా ఇరవై స్వరాల జంట వరుస. ప్రతి వచనమూ మధ్యలో రెండుగా విరుగుతుంది. మొదటి స్వరం మీద ఎన్ని మాటలైనా నడిపించవచ్చు. వాక్యం ముగింపుకు వచ్చేటప్పుడు మాత్రం స్వరాలు ఒకదాని తరువాత ఒకటి మారతాయి. లయ పూర్తిగా మాట నుంచే పుట్టాలి.

తెలుగువాళ్లకు ఇది బొత్తిగా తెలియని పద్ధతి కాదు. కృష్ణమాచార్యుల సింహగిరి వచనాలు ఉన్నాయి కదా. పద్యం కాని మాటను దేవుడి ముందు పాటగా నడిపించిన సంప్రదాయం మనకు ఏడు శతాబ్దాల నుంచీ ఉంది. మాట తన నడకను వదులుకోకుండా పాటలోకి రావడం ఎంత కష్టమో, వచ్చినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో ఆ దారి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే భక్తుడు ఒక్కడే పాడుకుంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అతని ఇష్టం. ఇక్కడ పదుల గొంతులు ఒకే మనిషి మాట్లాడినట్టు మాట్లాడాలి.

ఒక్క కెథడ్రల్ క్వయర్‌కు అది రోజువారీ అలవాటు. పిల్లలు బడి మొదలవకముందు సాధన చేస్తారు, బడి అయ్యాక ప్రార్థనలో పాడతారు. లే క్లర్కులు అనే పెద్ద గాయకులు ఏళ్ల తరబడి పక్కపక్కనే నిలబడి పాడినవాళ్లు. పక్కవాడు ఎక్కడ ఆగుతాడో చెవికి ముందే తెలుస్తుంది. అలాంటి మూడు అలవాట్లను ఒకచోట చేర్చినప్పుడే చిక్కు వస్తుంది. ఏ అక్షరం దగ్గర స్వరం మారాలన్న గుర్తులు ఒక్కో కెథడ్రల్‌లో ఒక్కో రకం. వచనం మధ్య విరామం ఒకరికి నిండు ఊపిరి, మరొకరికి రెప్పపాటు. ఒకరు చివరి అక్షరాన్ని సాగదీస్తారు, ఇంకొకరు తుంచేస్తారు. ఎవరూ తప్పు కాదు. తమ భవనం ప్రతిధ్వనికి తగినట్టు తరాలుగా కుదుర్చుకున్న పద్ధతులవి. అలవాటైన దారిని పక్కన పెట్టి, ఆతిథ్యమిచ్చే కెథడ్రల్ మాటతీరును కొద్దిపాటి సాధనతో మిగిలినవాళ్లు అందుకోవాలి. పెద్ద యాంథమ్‌లో చిన్న తేడాలను ఆర్గన్ కప్పేస్తుంది. కీర్తనలో కప్పడానికి ఏమీ లేదు. మూడు బృందాలు హల్లును ఒకేసారి పలకకపోతే ఒక్క ‘స’ కారం మూడు ముక్కలై రేడియోలో బుసకొడుతుంది.

దూరం సంగతి కూడా చెప్పాలి. క్వయర్ రెండు పక్షాలుగా ఎదురెదురు వరుసల్లో నిలబడుతుంది. దక్షిణం వైపు వాళ్లను డెకానై అని, ఉత్తరం వైపు వాళ్లను కాంటోరిస్ అని అంటారు. కీర్తన వచనాలు ఈ పక్షం నుంచి ఆ పక్షానికి, ఆ పక్షం నుంచి ఈ పక్షానికి మారుతుంటాయి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, 34 మీటర్ల దూరంలో ఉన్న ఆర్గన్ గొట్టం స్వరం సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. మనుషులు మూడింతలైతే వరుసలు పొడవవుతాయి, ఆలస్యాలు పెరుగుతాయి. చెవిని నమ్ముకుంటే వెనకబడతారు. దర్శకుడి చేతిని, ఎదుటివాళ్ల ఊపిరిని కళ్లతో చూస్తూ పాడాలి. కెథడ్రల్‌లో కూర్చున్నవాళ్లకు రాతి గోడలు ఈ తేడాలను కొంత కలిపేసి వినిపిస్తాయి. మైకు మాత్రం దగ్గరగా వింటుంది. ఈ ఒక్క విషయంలో రేడియో శ్రోతకు లోపలున్నవాళ్ల కంటే మంచి స్థానం దొరికిందనాలి.

ఇంత శ్రమకు వచ్చే ఫలం శబ్దం పెద్దది కావడమే అనుకుంటే పొరపాటు. మంచి రోజున సంఖ్య పెరిగేకొద్దీ శబ్దం మెత్తబడుతుంది. 60 మంది నెమ్మదిగా పాడే స్వరానికి ఉన్న నిండుదనం 20 మందికి రాదు. ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు కాబట్టి విలాపకీర్తనల్లోని అతి చిన్న మాట కూడా బరువుతో పలుకుతుంది.

ప్రార్థన ముఖ్యమా, కచేరీ ముఖ్యమా అన్న తగాదా ఈ ఉత్సవంలో పాతదే. 1875లో వూస్టర్ కెథడ్రల్ పెద్దలు టికెట్లు, వేదికలు, ఆర్కెస్ట్రా తమ గుడిలో వద్దన్నారు. ఆ ఏడాది ఆర్గన్ తోడుగా క్వయర్లు పాడిన ప్రార్థనలే మిగిలాయి. ఊరి జనం మండిపడి దానికి ‘ఉత్తుత్తి ఉత్సవం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మళ్లీ వంతు వచ్చేసరికి కచేరీలు తిరిగొచ్చాయి. కచేరీలను ఆపడం తప్పే. అవి లేకపోతే 1910లో గ్లాస్టర్ కెథడ్రల్‌లో తొలిసారి వినిపించిన స్వరకర్త వాన్ విలియమ్స్ ‘టాలిస్ ఫాంటేసియా’ లాంటి రచనలకు అలాంటి చోటు దొరికేది కాదు. కానీ ఆ పేరులో ఉన్న చిన్నచూపును మాత్రం నేను ఒప్పుకోలేను. క్వయర్లు మాత్రమే పాడిన ప్రార్థన ఉత్తుత్తిది ఎలా అవుతుంది? ఉత్సవానికి పేరిచ్చింది ఆ మూడు క్వయర్లే.

ఈ గొంతులకూ ఈ రాళ్లకూ తగినట్టు రాసినవారిలో హెర్బర్ట్ హావెల్స్‌ది ప్రత్యేక స్థానం. గ్లాస్టర్ దగ్గరి లిడ్నీలో 1892లో పుట్టి, గ్లాస్టర్ కెథడ్రల్ ఆర్గనిస్టు దగ్గర చదువుకున్నాడు. 1935లో తొమ్మిదేళ్ల కొడుకును పోలియోకు పోగొట్టుకున్నాడు. మరియ పాట, సుమెయోను పాటలకు వేర్వేరు కెథడ్రళ్ల కోసం, కాలేజీ చాపెళ్ల కోసం ఆయన కట్టిన బాణీలు చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ కోసం రాసినప్పుడు, మరియ పాటలో బలవంతులను సింహాసనాల నుంచి దించే మాటలను మొరటు బలంతో పాడించకూడదనుకున్నానని, అది ఒక స్త్రీ పాట అని చెప్పుకున్నాడు. ఈ రెండు పాటలకే కట్టిన 1946 నాటి ‘గ్లాస్టర్ సర్వీస్’ బాణీలో స్వరం గోడలకు తగిలి తిరిగొచ్చేదాకా కాచుకునే ఓపిక ఉంది. ఒక వాక్యం ప్రతిధ్వని మీదే తరువాతి వాక్యం వచ్చి వాలుతుంది. మూడు బృందాలు పాడితే ఆ అలలు ఇంకా వెడల్పవుతాయి. దర్శకుడు వేగం తగ్గించక తప్పదు, ఆ తగ్గింపు పాటకు మేలే చేస్తుంది.

దక్షిణాన వించెస్టర్, సాల్స్‌బరీ, చిచెస్టర్ కెథడ్రళ్లకు ఇలాంటిదే మరో ఉత్సవం ఉంది. 1965లో చిచెస్టర్ కెథడ్రల్ డీన్ (ప్రధాన గురువు) వాల్టర్ హస్సీ కోరిక మీద లెనార్డ్ బెర్న్‌స్టైన్ హీబ్రూ కీర్తనలకు బాణీ కట్టి ఇచ్చింది దాని కోసమే. ఆ మూడింటిలో సాల్స్‌బరీ 1991లో బాలికలకు ప్రత్యేక క్వయర్ మొదలుపెట్టి, శతాబ్దాలుగా బాలురకే పరిమితమైన తలుపు తెరిచింది. క్వయర్లకు గొంతులు తగ్గకుండా కాపాడిన మార్పు అది.

గొంతులు ఉన్నా వాటిని నిలబెట్టే ఏర్పాటు భద్రంగా లేదు. పిల్లల చదువులకు సాయం, పెద్ద గాయకుల వేతనం, ఆర్గన్ మరమ్మతులు అన్నీ ఖర్చే. 2020 జూలైలో షెఫీల్డ్ కెథడ్రల్ తన క్వయర్‌ను మూసివేసి కొత్తగా మొదలుపెడతామని ప్రకటించింది. అదే ఏడాది కరోనా వల్ల పాట ఆగిపోయినప్పుడు బీబీసీ పాత రికార్డింగులతో నెట్టుకొచ్చింది. ఉమ్మడి ప్రార్థన విని మురిసిపోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఏడాదికి ఒక వారం మూడు బృందాలు కలవాలంటే, మిగిలిన వారాల్లో మూడు చోట్లా ఎవరూ రికార్డు చేయని మామూలు సాయంత్రాల్లో కీర్తన పాడుతూ ఉండాలి. ఆ సాయంత్రాలను ఖర్చు కింద కొట్టివేసి ఉత్సవాన్ని మాత్రం ఉంచుకోవడం సాధ్యం కాదు.

ఈ ప్రార్థనా క్రమంతో తెలుగు నేలకు సూటి సంబంధం ఉంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య పనిచేసింది డోర్నకల్‌లోనే. ఆయన కాలంలో అక్కడ కట్టిన ఎపిఫనీ కెథడ్రల్‌లో మన దేశపు వాస్తుశైలులు కలిసిపోయాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు ఆంగ్లికన్ సంప్రదాయమూ అందులో చేరింది. మన గుడుల్లో సంగీతం వేరే దారి పట్టింది. పురుషోత్తమ చౌదరి కీర్తనలు, హార్మోనియం, తబలా అన్నీ మనవి. అయినా మరియ పాటా సుమెయోను పాటా తెలుగు క్రైస్తవులకు నోటికి వచ్చినవే. అందుకే ఈ ప్రసారం వినేటప్పుడు వాళ్లకు అర్థం వెతుక్కునే పని ఉండదు. తెలియనిది బాణీ ఒక్కటే.

వెస్ట్‌మినిస్టర్ ఆబీ నుంచి 1926 అక్టోబర్ 7న మొదలైన బీబీసీ వారవారం ఈవెన్‌సాంగ్ ప్రసారం 2026 అక్టోబర్‌కు నూరేళ్లకు చేరుతుంది. 1970 ప్రాంతంలో దీన్ని నెలకొకసారికి కుదిస్తే శ్రోతలే అడ్డుపడి వారవారం ప్రసారాన్ని తిరిగి సాధించుకున్నారు. ఆ హక్కుతోనే అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. నూరేళ్ల ఏడాదిలో మూడు క్వయర్ల ఉత్సవం వంతు గ్లాస్టర్‌ది. అక్కడి ఉమ్మడి ప్రార్థనను ముందే రికార్డు చేసి, కుదరని చోట మళ్లీ పాడించి అతికించకుండా ప్రత్యక్షంగా ఇవ్వాలి. ఆ పూట కీర్తనలను వేళ సరిపోదని కత్తిరించకుండా క్రాన్మర్ లెక్క ప్రకారం పూర్తిగా పాడించాలి. యాంథమ్ రాసినవారి పేరుతో పాటు కీర్తన బాణీలు కట్టినవారి పేర్లు కూడా చదవాలి.