ఎల్విస్‌కి పాట ఇవ్వనన్న డాలీ పార్టన్

పాప్ గాయని బియాన్సే 2024లో ‘కౌబాయ్ కార్టర్’ తెచ్చినప్పుడు మొదలైన రచ్చ, మరుసటి ఏడాది గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌తో పాటు ఏకంగా ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ కూడా దానికే దక్కడంతో రెట్టింపైంది. కంట్రీ అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన సంగీతం. ఇది కంట్రీయేనా, పాప్‌కి టోపీ తొడిగి కంట్రీ అంటున్నారా అని ఒకటే వాదన. అదే ఆల్బమ్‌లో కంట్రీ గాయని డాలీ పార్టన్ పాట ‘జోలీన్’ని బియాన్సే తనదైన మాటలు కలిపి పాడింది. ఆ పాటకు ముందు డాలీ స్వయంగా రెండు మాటలు చెబుతుంది. ఆమెకిది కొత్త కాదు. ఇదే ప్రశ్నను యాభై ఏళ్ల కిందట కంట్రీ రాజధాని నాష్‌విల్ ఆమెనూ అడిగింది. అప్పుడూ అది పనికిమాలిన ప్రశ్నే.

టెన్నెసీ కొండల్లో పన్నెండు మంది సంతానంలో నాలుగోదిగా పుట్టడం, 1964లో హైస్కూల్ అయిన మర్నాడే నాష్‌విల్ బస్సెక్కడం, డాలీవుడ్ పార్కు, పిల్లలకు ఉచితంగా పుస్తకాలు పంచడం... ఇవన్నీ మీరు చదివే ఉంటారు. ఆ కాలపు నాష్‌విల్ ఎంత ఉడికిపోతూ ఉండేదో మాత్రం కొంచెం చెప్పాలి. 1974లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయని అవార్డును ఒలీవియా న్యూటన్-జాన్‌కి ఇచ్చింది. ఆస్ట్రేలియాలో పెరిగిన పాప్ గాయనికి మా అవార్డేమిటని పాతకాపులంతా కంట్రీ గాయకులైన జార్జ్ జోన్స్, టామీ వైనెట్ దంపతుల ఇంట్లో కూడి వేరు కుంపటి పెట్టారు. మరుసటి ఏడాది ఇంకో ముచ్చట. అదే సంస్థ ప్రధాన అవార్డు ప్రకటించడానికి వేదికెక్కిన గాయకుడు చార్లీ రిచ్, కవరు విప్పి పాప్ బాణీల జాన్ డెన్వర్ పేరు చూసి, జేబులోంచి లైటర్ తీసి ఆ కాగితాన్ని కెమెరాల ముందే తగలబెట్టాడు. ఎందుకు తగలబెట్టాడన్నదానిపై కథలు చాలా ఉన్నాయి. జనానికి మాత్రం అది పాప్ మీద కోపంగానే గుర్తుండిపోయింది. తమాషా ఏమిటంటే, చార్లీ రిచ్ కూడా అంతకు రెండేళ్ల ముందు పాప్ చార్టులో నంబర్ వన్ కొట్టినవాడే!

ఈ వాతావరణంలోనే 1977లో డాలీ ‘హియర్ యూ కమ్ ఎగైన్’ పాడింది. నిఖార్సయిన పాప్ పాట. రాసింది బారీ మాన్, సింథియా వైల్ జంట. రికార్డింగ్‌లో ఆమె ఒకటే పట్టు పట్టింది: ఎక్కడో ఒకచోట కంట్రీకి ఆనవాలైన స్టీల్ గిటార్ వినబడాలని. ఎవరైనా ఇది కంట్రీ కాదంటే, అదిగో స్టీల్ గిటార్ అని చూపించడానికట! ఆ పాట కంట్రీలో నంబర్ వన్, పాప్‌లో మూడో స్థానం. కంట్రీని వదిలేస్తున్నావా అని అడిగినవాళ్లకు, వదలడం లేదు, నాతోపాటు తీసుకెళ్తున్నానని జవాబిచ్చింది. 1978లో, అంటే ఆ కవరు కాలిన మూడేళ్లకే, అదే అవార్డు డాలీకి వచ్చింది. అప్పుడెవరూ లైటర్ తీయలేదు.

ఆ రోజుల్లో ఆమెను తిట్టినవాళ్ల మాటలో అసలు పస లేదని అనను. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో ఆమె చేసిన కొన్ని ఆల్బమ్‌లలో మెరుగు ఎక్కువ, సరుకు తక్కువ. ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ లాంటి పాట రాసిన చేతులేనా ఇవి అనిపిస్తుంది. స్టాలోన్‌తో చేసిన 1984 నాటి సినిమా సంగతి ఎత్తకపోవడమే మర్యాద. పాప్ వాసన ఉన్న పాటలు రేడియోను ఆక్రమిస్తే పాత పద్ధతిలో పాడేవాళ్ల పొట్ట మీద దెబ్బ పడిందన్నదీ నిజమే. కానీ ఇవన్నీ పాటల బాగోగుల గురించి, రేడియో కంపెనీల తీరు గురించి. డాలీ ఏ గట్టున నిలబడాలో తేల్చే హక్కు వీటి నుంచి పుట్టదు. పైగా ఆ గట్లు సంగీతం వేసుకున్నవి కావు. 1920లలో రికార్డు కంపెనీలు ఒకే దక్షిణాది పల్లెల పాటలను నల్లవారివైతే ఒక కేటలాగ్‌లో, తెల్లవారివైతే మరో కేటలాగ్‌లో పెట్టి అమ్మడంతో మొదలైన విభజన అది. బియాన్సేని నిలదీసినవాళ్లు ఈ చరిత్ర ఒకసారి తిరగేస్తే మంచిది.

అసలు సంగతికి వద్దాం. డాలీ జీవితంలో పెద్ద నిర్ణయం కంట్రీ నుంచి పాప్‌కి వెళ్లడం కాదు, ఒక పాట విషయంలో కాదనడం.

కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షోలో 1967 నుంచి పాడుతున్న డాలీ, ఇక నా దారి నేను చూసుకుంటానని ఆయనకు చెప్పలేక ఆ మాటనే పాటగా కట్టి వినిపించింది. అదే ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. 1974లో కంట్రీ చార్టులో నంబర్ వన్. రాక్ అండ్ రోల్ రారాజు ఎల్విస్ ప్రెస్లీకి తెగ నచ్చింది, పాడతానన్నాడు. డాలీ కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. తీరా రికార్డింగ్ ముందు ఎల్విస్ మేనేజర్ కర్నల్ పార్కర్ నింపాదిగా చెప్పాడు, పబ్లిషింగ్ హక్కుల్లో సగం మాకు రాసివ్వాలని. ఎల్విస్ పాడే పాటలకు అదే ఆనవాయితీ అని. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, ఎల్విస్ అంతటివాడు పాడతానంటే, వద్దంది. ఆ రాత్రంతా ఏడ్చానని తర్వాత చాలాసార్లు చెప్పుకుంది.

ఎందుకు వద్దందో అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. రికార్డు వేరు, పాట వేరు. రికార్డు కంపెనీది. మాట, బాణీ మాత్రం రాసినవారివి, వారి పబ్లిషర్‌వి. ఎవరు పాడినా, ఏ సినిమాలో వాడినా ఈ రెండో ఖాతాలో డబ్బు పడుతూనే ఉంటుంది. అమెరికాలో ఎఫ్ఎం రేడియోలు ఈనాటికీ పాడినవాళ్లకు పైసా ఇవ్వవు. ఇచ్చేది రాసినవాళ్లకు, పబ్లిషర్లకే. డాలీ ఆ ఖాతాను మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసి, పెద్ద పేరు రాకముందే, సొంత పబ్లిషింగ్ కంపెనీగా తెరిచింది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడింది. పద్నాలుగు వారాలు పాప్ చార్టు శిఖరం మీద కూర్చుంది. రేడియోలో విట్నీ గొంతు మోగిన ప్రతిసారీ డబ్బు వెళ్లింది డాలీకి. ఎల్విస్ బంగళా గ్రేస్‌ల్యాండ్‌నే కొనేంత వచ్చిందని ఆమె నవ్వుతూ అంటుంది.

‘9 టు 5’ చూడండి. 1980లో సినిమా సెట్ మీద ఖాళీగా ఉన్నప్పుడు తన పొడవాటి అక్రిలిక్ గోళ్లను ఒకదానితో ఒకటి టకటకలాడించింది. టైప్‌రైటర్ చప్పుడులా వినబడింది. దాని మీదే పాట కట్టేసింది. రికార్డింగ్‌లో కూడా ఆ గోళ్ల చప్పుడే తాళం. అది 1981లో పాప్‌లోనూ కంట్రీలోనూ నంబర్ వన్. అది పాపా, కంట్రీయా? గోళ్లూ ఆమెవే, పాటా ఆమెదే. తొంభైలలో కంట్రీ రేడియో వయసు మళ్లిందని ఆమెను పక్కన పెట్టినప్పుడు, 1999లో బాంజో, ఫిడేలు మోగే కొండల బ్లూగ్రాస్‌కి తిరిగి వెళ్లి ‘ది గ్రాస్ ఈజ్ బ్లూ’ చేసి గ్రామీ పట్టుకొచ్చింది. అమ్ముడవుతుందో లేదో తెలియని సంగీతం చేయాలంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుండాలి. పాత పాటల రాయల్టీ ఆ పని చూసుకుంది.

ఇక మన దగ్గరికొస్తే, గీత రచయితలు, సంగీత దర్శకులు దశాబ్దాల పాటు గుండుగుత్తగా ఇంతని తీసుకుని హక్కులన్నీ నిర్మాతకు రాసిచ్చేశారు. కర్నల్ పార్కర్ సగమే అడిగాడు, మనవాళ్లు మొత్తం తీసుకున్నారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, థియేటర్ బయట పాట వాడకానికి వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉంటుందని, దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదని తేల్చారు. గట్టి చట్టమే. అయినా హక్కులడిగిన కళాకారుణ్ని డబ్బు మనిషిగా చూసే జబ్బు మనకు పోలేదు.

2017 మార్చి గుర్తుంది కదా. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపారు. ఇక వేదికలపై ఆ పాటలు పాడబోనని బాలు ఫేస్‌బుక్‌లో ప్రకటించారు. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది, ఇక్కడా అమెరికాలోనూ, బాలు వైపు నిలబడి రాజాను దులిపేశారు. నాకూ బాలు అంటే ప్రాణమే. కానీ అడగడమే తప్పన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు. స్నేహితుడికి నోటీసు పంపిన తీరును తప్పుపట్టొచ్చు, అడిగిన వాటాను కాదు. టికెట్ పెట్టి నడిపే కచేరీలో పాట కట్టినవారికి వాటా ఇవ్వాల్సింది నిర్వాహకుడు, పాడినవాడు కాదు. ఆ నిర్వాహకుల ఊసే పెద్దగా రాలేదు. రాజాది తప్పా, బాలుది ఒప్పా అని కొట్టుకున్న ఆ రోజుల్లో, ఆ పాటలకు మాటలిచ్చిన వేటూరి వారసులకు ఎంత అందాలి అని అడిగినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు.