ప్లాంటు వచ్చిందని ఇల్లు కొంటే
దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటు వచ్చింది కాబట్టి మిర్యాలగూడలో ఇల్లు కొంటే కిరాయిలతోనే లోన్ తీరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ప్లాంటు పెద్దదే, 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. కానీ ఇలాంటి చోట జనం ఎక్కువగా ఉండేది కట్టేటప్పుడు. పని అయిపోతే కాంట్రాక్టు వాళ్లు ఇంకో సైటుకు పోతారు. మా బంధువులు అదే నమ్మకంతో పైన రెండు పోర్షన్లు వేశారు. ఇప్పుడు అవి ఖాళీగా ఉన్నాయి, ఈఎంఐ మాత్రం ఆగట్లేదు. ఆ వ్యాసంలో గాలి గురించి ఒక్క మాట కూడా లేకపోవడం నాకు ఇంకా బాధనిపించింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు. బాయిలర్లలో ఊక కాలుస్తారు, మిల్లుల పక్క కాలనీల్లో డాబా మీద బట్టలు ఆరేస్తే నల్లటి బూడిద పడుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఇల్లు చూడ్డానికి బ్రోకర్ చెప్పిన టైముకు కాకుండా, కొత్త వడ్లు వచ్చి మిల్లులు జోరుగా నడిచేటప్పుడు తెల్లవారుజామున వెళ్లండి. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లేఅవుట్ పర్మిషన్ ఎలాగూ చూస్తారు. బోరు ఉంటే ఆ నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష కూడా చేయించండి, మన నల్గొండ జిల్లాలో అది మర్చిపోకూడదు.