నిట్టూర్పుల ఎగుమతి కేంద్రం, పర్లాకిమిడి

పర్లాకిమిడి నుంచి లోకానికి వెళ్ళే సరుకులేమిటని ఎవరినడిగినా ముందు కొమ్ము బొమ్మలంటారు. పశువుల కొమ్ముని వేడి చేసి, వంచి, అరగదీసి కొంగగానో రొయ్యగానో మార్చే పని అది. రొయ్యకి మీసాలు కూడా ఉంటాయి. రెండో సరుకు గిడుగు రామమూర్తి గారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై మా ఊరు అందులో కలిసినప్పుడు ఆయన మూటాముల్లె సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు కనుక, ఆయన్నీ ఎగుమతి పద్దులోనే వేసుకోవాలి. మూడో సరుకు మాత్రం ఏ గెజిటీరులోనూ కనబడదు. అది ప్రేమ. మహేంద్రతనయ ఏటి ఒడ్డున తయారై, పోస్టులో విజయవాడ చేరి, అక్కడ అచ్చయి, తెలుగునాట ఆడపిల్లల దిళ్ళ కిందకి వెళ్ళిన సరుకు. తయారీదారు మా బాబాయి.

ఇంత పెద్ద పరిశ్రమని ప్రభుత్వం పట్టించుకోలేదు. ఒకటి కాదు, రెండు ప్రభుత్వాలు పట్టించుకోలేదు. ఒడిశా వాళ్ళు ఇది తెలుగు వ్యవహారమన్నారు, ఆంధ్రా వాళ్ళు ఇది ఒడిశా చిరునామా అన్నారు. ఇటు నుంచి అటు ఆంధ్రాలో ఉన్న పాతపట్నానికి సైకిలు మీద వెళ్ళి కూరలు కొనుక్కొచ్చే ఊళ్ళో ఉండి ఈ రెండు జవాబులూ వినడం ఎంత బాధో మీకు తెలీదు.

బాబాయి రైసు మిల్లులో గుమాస్తా. మిల్లులో పారేసే పాత చిట్టాల వెనక పేజీలే ఆయనకి కాగితం. ఒక వైపు బస్తాల లెక్క, రెండో వైపు విరహం. విజయవాడ కంపోజిటరు ఒకసారి పేజీ తిరగేసి పట్టుకోవడంతో, హీరో ఆమె కళ్ళలోకి తదేకంగా చూస్తూ "నూకలు 42 బస్తాలు" అన్నట్టు అచ్చయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ సంచిక నేను చూడలేదు. కానీ నవలలో ఆ హీరో మాట్లాడిన మిగతా మాటలు చదివాక, అన్నిటికన్నా అదే నమ్మదగిన మాట అనిపించింది.

ఆ రోజుల్లో వారపత్రికల్లో ప్రేమ నవల ఆడవాళ్ళ రాజ్యం. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయి, రాజశేఖరం లాంటి మొగుడు దొరకాలని అమ్మాయిలు, అలాంటి సీరియల్ దొరకాలని సంపాదకులు మొక్కుకుంటున్న కాలం. మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసేవాళ్ళు, అదేం పెద్ద రహస్యం కాదు. బాబాయి కూడా ఆలోచించి, ఖర్చులేని పేరు కదా అని పిన్ని పేరు పెట్టుకున్నాడు. పిన్నిని అడగలేదు. పెళ్ళికే ఆమెని ఎవరూ అడగలేదు, కలం పేరుకి అడుగుతారా?

పాపం బాబాయి పోస్టాఫీసు రూల్సు మర్చిపోయాడు. మనియార్డరు ఎవరి పేరున వస్తే వాళ్ళే సంతకం పెట్టాలి. మొదటి పారితోషికం వచ్చిన రోజున పోస్ట్‌మ్యాన్ అరుగు మీద కూర్చుని "అమ్మగారికే ఇవ్వాలండి" అన్నాడు. పిన్ని తడిచేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, సంతకం పెట్టి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, లోపలికి వెళ్ళి పోపులడబ్బాలో పెట్టేసింది. మూత పడిన చప్పుడు అరుగు మీదకి వినబడింది. ఆ తర్వాత పదకొండు నవలల డబ్బూ ఆ డబ్బాలోకే వెళ్ళింది. స్త్రీల ఆర్థిక స్వాతంత్ర్యం గురించి ఎన్నో వ్యాసాలు చదివాను గానీ, మగవాడి అతితెలివి వల్ల అది ఇంత తేలిగ్గా సిద్ధించిన సందర్భం ఇంకోటి చూడలేదు.

పిన్ని మాత్రం ఆ నవలల్లో ఒక్క ముక్క చదవలేదు. "నాకేటి పనిలేదా?" అనేది ఎవరడిగినా.

ఇంగ్లండులో బార్బరా కార్ట్‌లాండ్ అనే ఆవిడ ఉండేవారు. ఏడు వందలకి పైగా నవలలు రాశారు, ఒకే ఏడాదిలో 23 రాసి గిన్నిస్ బుక్కులోకి ఎక్కారు. రాశారు అనకూడదు, చెప్పారు అనాలి. సోఫాలో పడుకుని ఆవిడ చెబుతుంటే సెక్రటరీ రాసుకునేది. ఈ సంగతి ఎక్కడో చదివి బాబాయి కూడా నులకమంచం మీద వెనక్కి వాలి నాకు డిక్టేషన్ మొదలెట్టాడు. అప్పుడు నేను ఏడో తరగతి. "ఆమె పెదవులు అదిరాయి" దగ్గర ‘అదిరాయి’కి ఏ ‘ద’ వేయాలని అడిగాను. పిన్ని వంటింట్లోంచి వచ్చి పుస్తకం లాక్కుని నన్ను ఎక్కాలకి తోలేసింది. బ్రిటిషు సాహిత్యంతో మా పోటీ అక్కడే ఆగిపోయింది.

ఇక హీరో. ప్రేమ నవలకి హీరో ఆరడుగులుండాలి, కారుండాలి, మనసులో ఒక గాయముండాలి. మా ఊళ్ళో మూడోది అందరికీ ఉండేది. ఆరడుగుల మనుషులు గజపతి రాజుల కోటలో, పటాల్లో కనబడేవారు. మా వీధికంతటికీ కారు ఒకటే, డాక్టరు గారి అంబాసిడరు. ఎనిమిది మంది తోస్తే గాని కదిలేది కాదు. బాబాయి నవలల్లో అర్ధరాత్రి వానలో మెత్తగా వచ్చి ఆగే నల్లకారు అదే. తోసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు కాబట్టి దాని బరువు సంగతి ఆయనకి బాగా తెలుసు, కానీ ఒక్క వాక్యంలో కూడా బయటపెట్టలేదు. కళాకారుడి నిగ్రహం అంటే నా దృష్టిలో అది.

ఒక్కసారి మాత్రం ఆ నిగ్రహం తప్పింది. ఆరో నవల మా ఊరి మీదే రాశాడు. తెలుగమ్మాయి, ఒడియా అబ్బాయి. రథయాత్ర రద్దీలో చెప్పు తెగిపోయి నిలబడిపోయిన అమ్మాయికి ఆ అబ్బాయి తన చెప్పులిచ్చి, తను ఎండకి కాలిపోతున్న తారు మీద గెంతుకుంటూ వెళ్ళిపోతాడు. తర్వాత ఒకరోజు ఏటి ఒడ్డున ఆకులో చుట్టిన ఛెనాపోడ, అంటే విరిగిన పాలతో కాల్చి చేసే ఒడియా మిఠాయి, ముక్క తెచ్చిస్తాడు. అడుగున మాడిన నల్లటి వైపు తను తిని, మెత్తటి వైపు ఆమెకి ఉంచుతాడు. (మాడిన వైపే రుచిగా ఉంటుంది. కాబట్టి ఇది త్యాగమా మోసమా అని నేనూ బాబాయీ ఇప్పటికీ వాదించుకుంటాం.) అక్కడి నుంచి గొడవంతా ఇళ్ళలో. వాళ్ళమ్మ పఖాళ అంటుంది, వీళ్ళమ్మ చద్దన్నం అంటుంది, రెండూ ఒకటే గిన్నె అని ఒప్పుకోవడానికి ఇద్దరికీ పద్దెనిమిది అధ్యాయాలు పడుతుంది. నౌపడా నుంచి గుణుపూరు దాకా, రెండున్నర అడుగుల పట్టాల మీద అప్పట్లో నడిచే చిన్నరైల్లో ఇద్దరూ పారిపోతారు. బండి నెమ్మది కాబట్టి రెండు కుటుంబాలూ పక్కనే సైకిళ్ళ మీద వచ్చి కిటికీలోంచి నచ్చజెబుతారు. అదీ క్లైమాక్సు.

విజయవాడ నుంచి జవాబు వచ్చింది. కథ బాగుంది గానీ వాతావరణం కొత్తగా ఉంది, ఊటీకి మార్చగలరా?

మార్చాడు. ఏరు సరస్సయింది. రథయాత్ర పువ్వుల ఎగ్జిబిషన్ అయింది. ఒడియా అబ్బాయి ఢిల్లీ నుంచి వచ్చిన ఎస్టేటు ఓనరయ్యాడు. ఛెనాపోడ కేకయింది, ఆకు పింగాణీ ప్లేటయింది. చిన్నరైలు గోదావరి ఎక్స్‌ప్రెస్ అయింది, దానితో సైకిళ్ళు పోయాయి, సైకిళ్ళతో పాటు క్లైమాక్సూ పోయింది. పఖాళ, చద్దన్నం గొడవని ఏం చెయ్యాలో ఎవరికీ తోచక హీరోయిన్‌కి గుండెజబ్బు పెట్టారు.

ఇవన్నీ బాబాయి ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. హీరోయిన్ మొదటిసారి నోరు విప్పి "ఏటలా సూస్తన్నారు?" అంటుంది. ప్రూఫు చూసినాయన దాన్ని కొట్టేసి "ఏమిటలా చూస్తున్నారు?" అని దిద్ది, అంచున ఎర్రసిరాతో ‘మాండలికం’ అని రాశాడు. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని గిడుగు వారు ఏళ్ళ తరబడి పండితులతో కుస్తీ పట్టింది ఏ ఊళ్ళో ఉండగా? మా ఊళ్ళో. అందరి వాడుకా పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది, మా వాడుక మాత్రం గడప దగ్గరే నిలబడింది. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసుకునేవాళ్ళు వేదిక మీద ఒక్కసారి "ఏటలా సూస్తన్నారు?" అని మొదలెడితే బాగుంటుందని మా బాబాయి సూచన. సూచనని మనియార్డరు ఫారం వెనక రాసి పంపాడు. జవాబు రాలేదు.

పరిశ్రమకి దక్కిన ఏకైక గౌరవం బరంపురంలో జరిగింది. అక్కడి తెలుగువాళ్ళు కొందరు కలిసి ‘ప్రముఖ రచయిత్రి’కి సన్మానం తలపెట్టారు. ఉత్తరం పిన్ని పేరున వచ్చింది. శాలువా అయితే బాబాయి ఏదో ఒకటి చెప్పి ఎగ్గొట్టేవాడు, కానీ ఉత్తరంలో బరంపురం పట్టుచీర అని ఉంది. పిన్ని వెళ్ళి తీరాలంది. దారి పొడుగునా బస్సులో బాబాయి నవలల పేర్లు వరసగా చెబితే ఆమె మళ్ళీ అప్పజెప్పింది. వేదిక మీద చీర తీసుకుని, అంచు వెనక్కి తిప్పి నేత చూసి, తృప్తిగా కూర్చుంది. అప్పుడో కాలేజీ అమ్మాయి లేచి "మేడమ్, మీ హీరోలు అంత గొప్పగా ఉంటారు కదా, మీకు ఆదర్శం ఎవరు?" అని అడిగింది. మూడో వరసలో బాబాయి నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. పిన్ని అటు ఒక క్షణం చూసింది.

"మా ఇంట్లో అయితే ఎవరూ లేరండి" అంది.

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకే బాబాయి లేచి తనూ కొట్టాడు.

ఇప్పుడు పత్రికలు చిక్కిపోయాయి, అద్దె పుస్తకాల షాపులు సెల్‌ఫోన్ రీచార్జి షాపులయ్యాయి. డెబ్బై దాటిన బాబాయి ఫోన్‌లో ఒక కథల యాప్‌కి రాస్తున్నాడు. అక్కడ ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు తలుపు తట్టాలట. తట్టిందెవరో తెలియాలంటే చదివేవాళ్ళు డబ్బు కట్టాలట. ఆ డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా పిన్నిదే. హీరో ఎస్టేటు అమ్మేసి కంపెనీ పెట్టాడు. ఆరడుగులు మాత్రం తగ్గలేదు.

మొన్న పర్లాకిమిడి వెళ్ళాను. వాళ్ళ మనవరాలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, తెలుగు చదవడం మాత్రం రాదు. మా వైపు ఈ వయసు పిల్లలు చాలామంది ఇంతే. అందుకని రాత్రి పూట బాబాయి తన నవలలు పైకి చదివి వినిపిస్తాడు. ఆ రోజు ఊటీ నవల పట్టుకున్నాడు. పుస్తకం వైపే చూస్తున్నాడు గానీ అందులో ఉన్నది చదవడం లేదు. సరస్సుని మళ్ళీ ఏరు చేశాడు. పువ్వుల ఎగ్జిబిషన్ తీసేసి రథం లాగించాడు. హీరో ఆకుపొట్లం విప్పి ఛెనాపోడ ముక్క హీరోయిన్ చేతిలో పెట్టాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"కేకు కదా అక్కడ ఉన్నది?" అంది పిన్ని. "114వ పేజీ."

బాబాయి పేజీ అంకె చూసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసుకున్నాడు. లోపల గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి కాస్త గట్టిగా.

"తర్వాతేటయింది తాతా?" అంది మనవరాలు.